తూకం వేయకూడని రథం

ముప్పై మూడేళ్ళ మనిషి రిటైరయ్యానని చెప్పుకుంటే మా ఇంట్లోవాళ్ళే నవ్వుతున్నారు. నవ్వనివ్వండి. నాకు పని నేర్పిన మూర్తి గారు పోయారు, ఆయన కంపెనీ మూతపడింది, ఆ పని ఇంకొకరి దగ్గర చేసే ఓపిక నాకు లేదు. దాన్ని రిటైర్మెంటు అనకపోతే ఇంకేమనాలో నాకు తెలియదు.

లోడ్ టెస్టింగులోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి “అసలు పనేంటి మేడమ్?” అని అడుగుతుంటారు. చెప్పడం మొదలుపెట్టగానే “జీతం ఎంతిస్తారు మేడమ్?” అంటారు. నాకు ఒళ్ళు మండి కట్ చేస్తాను. అందుకే రాస్తున్నాను. రాస్తున్నప్పుడు ఎవరూ అడ్డురారు.

పని ఇది. క్రేను మీద ఐదు టన్నులని రాసి ఉంటుంది. నిజంగా అంత మోస్తుందో లేదో బరువు వేలాడదీసి చూడాలి. గొలుసులు, తాళ్ళు, కొక్కేలు, లిఫ్టులు, అన్నీ అంతే. బాగుంటే సంతకం పెడతాం. మనం సంతకం పెట్టిన కొక్కెం కింద రేపు పొద్దున ఎవరో నిలబడతారు. వాళ్ళ ముఖం మనం చూడం. ఉద్యోగమంటే అంతవరకే. ప్రమోషన్ల గురించీ ఫైళ్ళ గురించీ నన్ను అడక్కండి, అవి ఏ ఆఫీసులోనైనా ఒకటే.

బీరువా

రాజమండ్రిలో మూర్తి గారి ఆఫీసంటే రెండు గదులు. ఆయన నెమ్మది మనిషి. నేను హైదరాబాదులో పెరిగినదాన్ని. ఎదుటివాళ్ళ మాట పూర్తవకముందే నా జవాబు బయటికి వచ్చేసేది. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చౌకవుతున్న రోజులు, నా ఫోను చెయ్యి దిగేది కాదు. “అది కూడా లోడేనమ్మా, కాసేపు దించు” అనేవారాయన.

చేరిన మొదటిరోజే నా చేత ఖాళీ ఇనప బీరువాని తోయించారు. తర్వాత దాన్నిండా తూచిన ఫైళ్ళు సర్దించి మళ్ళీ తోయించారు.

“సార్, బరువు పెరిగితే తోసే బలం కూడా పెరగాలి. ఇది టెన్త్‌లోనే చదివాను.”

“చదివావు. తోశావా?”

“ఇప్పుడు తోశాగా!”

“ఎంత బలం పెట్టావు?”

తెలియదు. అప్పుడాయన అలమరలోంచి లాగుడు కాటా తీశారు. గుండ్రటి ముఖం, లోపల ఒక ముల్లు, పైనా కిందా కొక్కేలు. లాగేవాళ్ళకీ లాగే వస్తువుకీ మధ్య దాన్ని తగిలిస్తే ఎంత బలం పడుతోందో ముల్లు చూపిస్తుంది. బీరువాకి తాడు కట్టి లాగితే ముల్లు ఎక్కుతూ ఎక్కుతూ పోయి, బీరువా కదిలిన క్షణాన కాస్త కిందికి జారుతుంది. జారే ముందు ఎంతుందో అదీ కదిలించడానికి కావలసిన బలం. ఖాళీ బీరువాకి ఒక అంకె, సగం నింపితే ఒకటి, నిండుగా ఉంటే ఒకటి. కాగితం మీద చుక్కలు పెట్టి కలిపితే తిన్నటి గీత వచ్చింది. నేల మారనంతవరకూ బరువు ఎంత పెరిగితే బలం అంత లెక్కగా పెరుగుతూ పోతుంది.

“కదిలించడానికెంత కావాలో అందరూ చూసుకుంటారమ్మా. కదిలినదాన్ని ఆపడానికెంత కావాలో ఎవరూ చూసుకోరు” అన్నారు మూర్తి గారు.

ఆయన్ని దేవుణ్ణి చేసి రాయను. క్లయింటు ముఖం మీద కాదని చెప్పడం ఆయన వల్ల అయ్యేది కాదు. “చూద్దామండి” అనేవారు. ఆ “చూద్దామండి” పట్టుకుని వాళ్ళు సర్టిఫికెట్ వచ్చేసినట్టే వెళ్ళిపోయేవారు. కాదని చెప్పే పని నా వంతు వచ్చేది. నా నోటికి అది సరిపోయింది కూడా.

“రథం బానే ఉందండి”

క్రేన్లూ గొలుసులూ చాలా చూశాను. మీకు చెప్పదలచుకున్నది మాత్రం ఒక్క రథం సంగతే.

ఆ ఊరు అమలాపురం దాటాక కాలవ పక్కన ఉంటుంది. పేరు రాయను. వాళ్ళకి పాత టేకు రథం ఒకటుంది. ఏడాదికి ఒకరోజు ఊరంతా కలిసి చేత్తో లాగుతారు. ట్రాక్టరు కట్టరు, ఎడ్లని కట్టరు. ముందు తాళ్ళు లాగడానికి జనం పోటీ పడతారు. వాలు వస్తే రథం ముందుకు ఉరక్కుండా వెనక తాళ్ళు పట్టుకుని ఆపడానికి కొందరుంటారు. చక్రం పక్కనే ముక్కోణపు తుమ్మచెక్క పట్టుకుని నడిచే మనిషి మాత్రం ఒక్కడే. రథం ఆగాలన్నా, మలుపు తిరగాలన్నా అతను చక్రం కింద చెక్క వేయాలి. తాతల నాటి నుంచి ఆ పని ఒకే ఇంటివాళ్ళది. ఆ ఏడు చెక్క పట్టింది సూరిబాబు. కాలవ వంతెన మీంచి దిగేటప్పుడు రథం ఆగలేదు. చక్రం అతని మీంచి పోయింది.

పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. రథం మళ్ళీ వీధిలోకి రావాలంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలని పైనుంచి చెప్పారు. దాని కోసం కమిటీ ప్రెసిడెంటు సుబ్బారావు గారు మా ఆఫీసుకి వచ్చారు. ఆ ఊళ్ళో రైసు మిల్లు ఆయనదే. తెల్లచొక్కా, మెత్తటి మాట.

“రథం బానే ఉందండి. మనిషే బాగోలేదు” అన్నారు.

“అంటే?” అన్నాను.

“మందు మీదున్నాడండి. చెక్క ఏయలేదు. పోయినవాణ్ణి అనకూడదు గానండి...”

“మీరు చూశారా?”

“ఊరంతా అనుకుంటుంది గదండి.”

“ఊరంతా చూసిందా?”

మూర్తి గారు దగ్గారు. “చూద్దామండి” అన్నారు. సుబ్బారావు గారు సర్టిఫికెట్ జేబులో పడ్డట్టే నమస్కారం పెట్టి లేచారు.

వంతెన మీద సిగ్నల్

ఊళ్ళోకి వెళ్ళగానే నా ఫోనులో సిగ్నల్ పోయింది. రథం షెడ్డు దగ్గర లేదు, గుడి దగ్గర లేదు. కాలవ వంతెన ఎక్కితే మాత్రం రెండు గీతలు వచ్చాయి. అక్కడ నిలబడి మూర్తి గారితో మాట్లాడుతుంటే ఒకావిడ వంతెన చివర ఆగి నా మాట అయ్యేదాకా చూశారు.

“ఆయన పడింది మీరు నిలబడ్డ చోటేనండి” అన్నారు.

నేను పక్కకి జరిగాను. ఆవిడ సూరిబాబు భార్య, లక్ష్మీకాంతం గారు. ఇల్లు వంతెనకి అవతలే. చేతిలో గోనెగుడ్డ మూట ఉంది. విప్పి చూపించారు. తుమ్మచెక్క ముక్కలు. నలిగి, పీచులు పీచులుగా విడిపోయి ఉన్నాయి.

“తాగేవాడండి, కాదనను. రథం రోజు మాత్రం పొద్దున్నించి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదు. చెక్క ఏసేడండి ఆయన. ఇవిగోండి, ఇక్కడే ఏరుకున్నాను. కమిటీవాళ్ళకి చూపిస్తే పాత చెక్క ఎక్కడిదో పట్టుకొచ్చేవన్నారండి.”

“మీకేం కావాలండి?” అని అడిగాను. నష్టపరిహారం అంటారనుకున్నాను.

“దేవుడి పని తాగి చేసేడన్న మాట పోవాలండి. అంతే. మనిషి ఎలాగూ రాడు.”

ఈ ఉద్యోగంలో చాలామంది నన్ను చాలా అడిగారు. ఇంత చిన్న కోరిక ఎవరూ కోరలేదు. ఇంత కష్టమైనదీ కోరలేదు.

దేవుడికిచ్చింది బరువెలా అవుద్ది?

షెడ్డులో రథం చూసి నేను నోరు తెరిచాను. అడుగున టేకు చెక్క ఉండాలి. కనబడితేగా! ఇత్తడి గుర్రాలు, ఇత్తడి సింహాలు, నాలుగు పక్కలా ఇత్తడి రేకులు, వరసలు వరసలుగా గంటలు, పైన ధగధగలాడే ఇత్తడి కప్పు. పిల్లకి పెళ్ళి కుదిరితే ఒక గుర్రం, చేను పండితే రేకు, జబ్బు నయమైతే గంట. ఎన్నో ఏళ్ళుగా మొక్కులన్నీ రథం మీదికే ఎక్కుతున్నాయి. ఒక్కటీ దిగలేదు. దేవుడికిచ్చింది ఎవరు దింపుతారు?

మజ్జిగ పట్టుకొచ్చిన సుబ్బారావు గారి భార్య కనకమహాలక్ష్మి గారు పైకప్పు కేసి చూపించి, “అది నా మొక్కేనండి. మనవడు నెలలు నిండకుండా పుట్టేడు. బతికితే స్వామికి నీడ పడతానన్నాను. బతికేడండి” అన్నారు. ఆవిడ ముఖంలో ఉన్నది గొప్ప కాదు. కృతజ్ఞత.

నేను సుబ్బారావు గారి వైపు తిరిగాను. “ముందు దీని బరువు తెలియాలండి. మీ మిల్లులో లారీలు తూచే వే బ్రిడ్జి ఉందిగా. ఎక్కిస్తే అయిపోతుంది.”

షెడ్డులో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారిగా లేచారు.

“రథాన్ని తూకం ఏస్తారా!”

“అది ధాన్యం లారీ అనుకుంటున్నారాండి మేడమ్ గారూ!”

“హైదరాబాదులో ఏస్తారేమో!”

“హైదరాబాదులో మనుషుల మీంచి రథాలు పోనివ్వరు” అన్నాను. అనకూడదేమో. అనేశాను.

సుబ్బారావు గారి ముఖం ఎర్రబడింది గానీ మాట మెత్తగానే వచ్చింది. “అమ్మాయి గారూ, ఒక్క మాట చెప్పండి. దేవుడికిచ్చింది బరువెలా అవుద్దండి?”

వెటకారం కాదు, ఆయన నిజంగానే అడిగారు. కొత్తవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. ఎదుటివాడు తెలివితక్కువవాడని అనుకుంటే మీ పని సగం చెడినట్టే. వాళ్ళు బరువు చూడలేదు. వాళ్ళకి అక్కడ బతికిన మనవడు కనబడుతున్నాడు, కుదిరిన పెళ్ళి కనబడుతోంది.

గుడి పూజారి ఆచార్యులు గారు గొడవ సద్దుమణిగేదాకా ఆగి, “తూకం మాత్రం వద్దమ్మా. కొలతలు తీసుకో, అభ్యంతరం లేదు” అన్నారు.

“లాగి చూడొచ్చాండి?”

“లాగడానికే గదమ్మా రథం.”

బియ్యం బస్తాలు

వంతెన ఎక్కి మూర్తి గారికి ఫోన్ చేశాను. తిట్టుకుంటూ అంతా చెప్పాను.

“బీరువా బరువు ఎంతో ఆవేళ నీకు చెప్పానా?” అన్నారు.

“లేదు సార్.”

“మరి తూచిన ఫైళ్ళు నింపుతూ లాగితే నీకే తెలిసిపోయింది కదమ్మా.”

ఫోన్ పెట్టేసి వంతెన దిగి పరుగెత్తుకొచ్చాను. రథాన్ని తూకం వేయక్కర్లేదు. బరువు తెలిసినవి దాని మీద పెంచుకుంటూ, ప్రతిసారీ కదిలించడానికి ఎంత బలం పడుతోందో చూస్తే చాలు. ఒక్కో బస్తాకి బలం ఎంత పెరుగుతోందో తెలిస్తే, బస్తాలేమీ లేనప్పుడు పడుతున్న బలం ఎన్ని బస్తాలకు సమానమో తెలిసిపోతుంది. అదే రథం బరువు.

ఇనప తూకపురాళ్ళు స్వామి రథం మీద పెట్టడానికి వీల్లేదన్నారు. “మరి బియ్యం బస్తాలు?” అన్నాను. ఆచార్యులు గారు నవ్వారు. “బియ్యానికేం, నైవేద్యమేగా.” సుబ్బారావు గారు మిల్లునుంచి బస్తాలు దింపించారు. ఆ మాట చెప్పుకోవాలి. ఆయన తలచుకుంటే ఆ రోజే నన్ను పంపించేయగలరు. పంపలేదు.

షెడ్డు ముందు సిమెంటు రోడ్డు చదునుగా ఉంది. రథానికి తాడు, తాడుకి కాటా, కాటాకి చెయిన్ పుల్లీ. పుల్లీ అవతలి కొసని లారీకి కట్టాం. లారీ కదలదు, పుల్లీ గొలుసుని మనుషులే చేత్తో లాగుతారు. మిషను పెడుతున్నారని ఎవరో లేచారు. “చేత్తోనే కదరా లాగేది, కూర్చో” అని ఇంకెవరో కూర్చోబెట్టారు.

మొదట ఉత్త రథం. గొలుసు గలగలమంటోంది, తాడు బిగుసుకుంటోంది, ముల్లు ఎక్కుతోంది. ఇంకా ఎక్కుతోంది. రథం కదల్లేదు. కిర్రుమని చక్రం కదిలింది, ముల్లు జారింది. రథం మీద గంటలన్నీ ఒక్కసారి మోగాయి. ఎవరో “గోవిందా” అన్నారు. నేను అంకె ఫోనులో ఎక్కించాను.

తర్వాత బస్తాలు ఎక్కించి ఒకసారి. ఇంకొన్ని వేసి ఒకసారి. రథాన్ని వెనక్కి తెచ్చి, చక్రాలు మళ్ళీ ఆ చోటే ఉంచి, మళ్ళీ. మధ్యాహ్నానికల్లా జనం ముల్లు ఎక్కడిదాకా ఎక్కుతుందో ముందే పందెం కాసే స్థితికి వచ్చారు. బస్తాలు ఎన్ని పెరిగితే ముల్లు అంత లెక్కగా పైకి జరుగుతోంది. ఎవరూ పాఠం చెప్పకుండానే వాళ్ళకి కనబడుతోంది. సుబ్బారావు గారు మాత్రం పందెంలో చేరలేదు. ముల్లుని చూడ్డం మానేసి పైకప్పుని చూస్తున్నారు.

సాయంత్రం టేకు దూలాలూ చక్రాలూ టేపుతో కొలిచి, ఆ కలపకి ఎంత బరువుండాలో ఫోను కాలిక్యులేటరులో లెక్కేశాను. ఇత్తడి ఎక్కకముందు రథం ఎంతుండేదో అంత. పొద్దున్న లాగి కనుక్కున్న బరువు దానికి దాదాపు రెట్టింపు. రథం మీద ఇంకో రథం కూర్చుని ఉంది.

ముందు తాళ్ళు ఏళ్ళు గడిచేకొద్దీ రెండు నుంచి నాలుగయ్యాయట. రథం బరువెక్కిందని ఎవరూ అనుకోలేదు, స్వామి మహిమ పెరిగి జనం ఎక్కువ వస్తున్నారనుకున్నారు. వెనక తాళ్ళు మాత్రం పాతవే, పట్టేవాళ్ళూ అంతమందే. లాగితే పుణ్యం, ఆపితే ఏముంది? చెక్క కూడా తాతల నాటి కొలతే.

చెక్క

సూరిబాబు ఇంట్లో మిగిలిన చెక్కలు రెండిటిని రాజమండ్రి తెచ్చి, ఒక వర్కుషాపులో నొక్కే ప్రెస్సు కింద పెట్టాం. చక్రానికుండే ఇనప పట్టాలాంటి ముక్క పైన ఉంచాం. పాత రథం ఒక చక్రం మీద పడే బరువు వేస్తే చెక్క మీద చిన్న నొక్కు పడింది, అంతే. ఇప్పటి బరువు, వంతెన దిగే ఊపుకి ఇంకాస్త కలిపి వేశాం. చెక్క మూలిగింది. తర్వాత పీచులు పీచులుగా విడిపోయింది. లక్ష్మీకాంతం గారి మూటలోని ముక్కల పక్కన పెడితే ఏవి ఏవో చెప్పలేం.

చెక్క వేశాడు. వేయాల్సిన చోటే వేశాడు. ఆ బరువుని ఆ చెక్కతో ఎవరూ ఆపలేరు.

కమిటీకి చెప్పేముందు ఆవిడకి చెప్పాలని మర్నాడు బస్సెక్కి వెళ్ళాను. విన్నారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చారు. తర్వాత ముఖం కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు.

“మేడమ్ గారండి, ఆ బరువులో నా గంట కూడా ఉందాండి?”

“ఏ గంట?”

“చిన్నదేనండి. మొన్నామధ్య ఆయనకి జ్వరం వచ్చి తగ్గకపోతే, తగ్గితే రథానికి గంట కడతానని మొక్కుకున్నాను. తగ్గిందండి. కట్టేను.”

కాటా అబద్ధం చెప్పదు అని ఈ పనిలో అందరూ గొప్పగా అంటుంటారు. కాటా ఎదురుగా ఎవరూ అలా కూర్చుని అడగరు.

“ఉందండీ. అన్నిటితోపాటు అదీ” అన్నాను.

“ఆయ్” అన్నారావిడ.

తర్వాత మూర్తి గారికి చెబితే, “లేదనాల్సిందమ్మా. ఆ పాటి గంటకి ముల్లు కదలదు కూడా” అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. ఆవిడ భర్త విషయంలో ఊరంతా తమకి వీలైన అబద్ధం నమ్మింది. ఆవిడ ఒక్కతే నిజం కావాలంది. ఆవిడకి మాత్రం అబద్ధం చెప్పాలా?

మైకులో

రిపోర్టు చదివి సుబ్బారావు గారు కళ్ళజోడు తీశారు. వాదిస్తారని నేను సిద్ధంగా ఉన్నాను. వాదించలేదు. ఆ సాయంత్రం గుడి మైకులో ఆయనే చెప్పారు. “సూరిబాబు తాగలేదు. చెక్క ఏసేడు. రథం బరువుకి చెక్క నలిగిపోయింది. ఇన్నాళ్ళూ మనం అన్న మాట తప్పు.” రథం మీద బరువు తగ్గేదాకా సర్టిఫికెట్ రాదని కూడా చెప్పారు. ఎలా తగ్గించాలో ఎవరి ఇష్టం వారిదన్నారు.

నేను గెలిచాననుకుని ఇంటికొచ్చాను.

కొన్ని వారాలకి నా ఫోను మోగింది. కాయిన్ బాక్సు నుంచి లక్ష్మీకాంతం గారు.

“తాగుబోతు పెళ్ళాం అన్నప్పుడు కూర పంపేవారండి, పాపం అని. ఇప్పుడు నేనొస్తుంటే తలుపులేసుకుంటున్నారు.”

“ఎందుకండీ? మీ తప్పేముంది?”

“నాది కాదండి, వాళ్ళ తప్పు వాళ్ళకి కనబడతంది. నన్ను చూస్తే వాళ్ళ గుర్రం, వాళ్ళ రేకు గుర్తొస్తన్నాయి. ఏం చెయ్యనండి? నేను ఏమీ అన్లేదే ఎవర్నీ.”

తాగి పడిపోయాడంటే ఊళ్ళో అందరూ నిద్రపోగలరు. చెక్క వేశాడంటే ఎవరూ నిద్రపోలేరు. ఆవిడ అడిగిన ఒక్క మాటా నేను తెచ్చిచ్చాను. ఆ మాట ఆవిడని ఊరికి దూరం చేసింది.

“శుక్రవారం నా గంట దింపుకుంటానని చెప్పేనండి. మీరొస్తారాండి? పక్కన ఎవరో ఒకరు ఉంటే బాగుండునని...”

దింపడం

శుక్రవారం షెడ్డు తెరిచారు. ఊరు వచ్చింది గానీ దూరంగా, రోడ్డుకి అవతలి వైపు నిలబడింది. సుబ్బారావు గారు తలుపు పక్కన తలొంచుకుని ఉన్నారు.

“ఇచ్చింది తిరిగి తీసుకోకూడదమ్మా కాంతం” అన్నారు ఆచార్యులు గారు. కసురుకోలేదు, బతిమాలినట్టు అన్నారు.

“ఇంటికి తీసుకుపోనండి. స్వామిదే. గుళ్ళో ఎక్కడో పెట్టుకోండి. రథం మీద వద్దండి.”

ఆయన గుడి కేసి చూశారు. “గుళ్ళోకైతే రావచ్చు” అన్నారు.

గంట చేతికందే ఎత్తులోనే ఉంది. తీగ విప్పుతుంటే అది మోగింది. ఆవిడ గబుక్కున లోపలి నాలుకని పిడికిట్లో పట్టుకున్నారు. విప్పి, ఒళ్ళో పెట్టుకుని షెడ్డు మెట్టు మీద కూర్చున్నారు. రోడ్డు అవతల నుంచి ఎవరూ రాలేదు. నా ఫోను మోగింది. ఎవరో కూడా చూడకుండా ఆపేశాను. అరవాలనిపించింది. మీ గుర్రాలు మీరు దింపుకోండి, ఈవిడ ముఖం చూడండి, అని. నోరు తెరవబోతుంటే లక్ష్మీకాంతం గారు నా చేతి మీద చెయ్యి వేశారు.

జనంలోంచి కనకమహాలక్ష్మి గారు రోడ్డు దాటి వచ్చారు. భర్త వైపు చూడలేదు. మెట్టు మీద లక్ష్మీకాంతం గారి పక్కన కూర్చుని, తలెత్తి పైకప్పుని చూశారు. కళ్ళ నిండా నీళ్ళు.

“వాడికి మళ్ళీ ఏమన్నా అవుద్దేమోనని భయమే కాంతం” అన్నారు.

“ఏమీ అవ్వదమ్మగారండి. స్వామికి తెలీదాండి?”

కనకమహాలక్ష్మి గారు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

“నాది చేత్తో అందదు. నిచ్చెన కావాలి” అన్నారు.

“మా ఇంట్లో ఉందండి. ఆయనదే.”

“పద. తెచ్చుకుందాం.”

నేనూ లేవబోయాను. “మీరుండండి” అన్నారు లక్ష్మీకాంతం గారు. గంట నా చేతికిచ్చి ఇద్దరూ వంతెన ఎక్కి అవతలికి వెళ్ళారు. చాలాసేపటికి వచ్చారు. పొడవాటి వెదురు నిచ్చెన, చెరో కొసా భుజాన పెట్టుకున్నారు. వంతెన దిగుతుండగా ముందున్న లక్ష్మీకాంతం గారి కాళ్ళు ఆగిపోయాయి. ఎక్కడో నాకు తెలుసు, ఊరికీ తెలుసు. వెనకున్నావిడ పదమనలేదు, నిచ్చెన దించలేదు. బరువు భుజం మీదే ఉంచుకుని అలా నిలబడ్డారు, ముందున్న మనిషి ఏడవడం అయ్యేదాకా. తర్వాత ఇద్దరూ నడిచారు.